దత్తాంశమా, దత్తపుత్రుడా?

ఇరవయ్యేళ్ళ నాడు మనలో కొందరం డేటా అన్న మాటకు తెలుగేమిటని రోజుల తరబడి తర్కించుకున్న సంగతి పాత మిత్రులకు గుర్తుండే ఉంటుంది. సమాచారం చాలునని కొందరు, అది వార్తకు సరిపోతుంది గాని దీనికి చాలదని కొందరు, డేటా అనే అంటే మునిగిపోయిందేమిటని మరి కొందరు. నేను దత్తాంశం పక్షాన నిలబడ్డాను. దత్తం అంటే ఇవ్వబడినది. డేటాకు మూలమైన లాటిను మాటకూ అదే అర్థం. ఇంత చక్కగా అతికే జోడు మరో మాటకు దొరకదని, కొంత అహంకారంతోనే, వాదించి గెలిచాననుకున్నాను.

ఆ వాదాన్ని ఇవాళ బేషరతుగా వెనక్కి తీసుకుంటున్నాను. నలభై ఆరో ఏట మళ్ళీ విద్యార్థినై రెండేళ్ళపాటు అప్లైడ్ డేటా సైన్స్‌లో, అంటే మన భాషలో అనువర్తిత దత్తాంశ శాస్త్రంలో, స్నాతకోత్తర పట్టా కోసం చదివాను. చదివినన్నాళ్ళూ నన్ను వెంటాడిన ప్రశ్న ఒక్కటే: ఈ దత్తాన్ని ఇచ్చినదెవరు? ఎవరూ ఇవ్వలేదు. ఎవరో ఒక మనిషి ఎండలో వెళ్ళి, తలుపు తట్టి, అడిగి, కొలిచి, తనకు తోచినట్టు రాసుకొని తెచ్చిన అంకెలవి. దత్తం కాదు, గృహీతం. ఆ మనిషిని, ఆ తలుపును, ఆ తోచడాన్ని పూర్తిగా తుడిచేసి, అంకెలు ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు మా ముందు పెట్టారు. దత్తత వచ్చిన బిడ్డకు కన్నవారెవరో చెప్పకూడదన్న నియమం ఏదో ఉన్నట్టు, ఏ పట్టికకూ పుట్టుపూర్వోత్తరాలు చెప్పలేదు. అనువర్తితమన్న విశేషణాన్ని పేరులో తగిలించుకున్న ఈ చదువు, విద్యార్థిని లోకంతో ఒక్క పూటయినా ముఖాముఖి కూర్చోబెట్టకుండా పట్టా చేతిలో పెడుతోంది. దీన్ని లోపమంటే సరిపెట్టుకున్నట్టు అవుతుంది. మోసమనే అంటాను.

నేను చదివిన సంస్థ పేరు ఇక్కడ అనవసరం. దాని మీద నాకు ప్రత్యేకమైన కక్ష లేదు. మిత్రుల పిల్లలు చదువుతున్న మరి అయిదారు చోట్ల పాఠ్యప్రణాళికలు తెప్పించుకొని చూశాను, అన్నీ ఒకే అచ్చులో పోసినవే. మొదట పైథాన్, కొంత సంభావ్యత, కొంత మాత్రికల గణితం. తరువాత యంత్రాభ్యాసం, ఆపైన లోతు నాడీజాలాలు, భాషా సంస్కరణ, పెద్ద దత్తాంశాలను పదిమంది కంప్యూటర్ల మీద పరిచే విద్య. చివర ఒక ప్రాజెక్టు. బోధించినవారు చెడ్డవారు కారు, తెలియనివారూ కారు. గణితం వచ్చినవారే. నేను ఇరవై ఏళ్ళకు పైగా కోష్ఠకాలతో, పట్టికలతో పొట్టపోసుకున్నవాణ్ణి కనక పాఠాలు నాకు కష్టమూ కాలేదు. నా గొడవ పాఠాలతో కాదు, పాఠాలకు ముందు ఉండవలసిన పాఠంతో.

ఒక ఉదాహరణ చెబుతాను. ఈ విద్య నేర్చిన ప్రతివాడూ చేసి ఉండే అభ్యాసం ఒకటుంది: పిమా స్త్రీల మధుమేహపు పట్టిక. 768 మంది స్త్రీలు, ఒక్కొక్కరికి ఎనిమిది కొలతలు, చివరి గడిలో మధుమేహం ఉందా లేదా అని ఒకటో సున్నో. మిగిలినవాటిని బట్టి ఆ చివరి గడిని ఊహించే నమూనా కట్టాలి. పట్టిక తెరిచి చూస్తే 35 మందికి రక్తపోటు సున్న. 11 మందికి ఎత్తుబరువుల నిష్పత్తి సున్న. రక్తపోటు సున్నగా ఉన్న మనిషికి మధుమేహం ఉందో లేదో తేల్చవలసిన పని వైద్యుడిది కాదు, కాటికాపరిది. సంగతేమిటంటే, కొలవని చోట ఎవరో సున్న పెట్టారు. ఇన్సులిను గడిలో అలాంటి సున్నలు 374, అంటే దాదాపు సగం మందికి ఆ కొలతే లేదు.

మా పాఠంలో దీనికి చెప్పిన మందు: సున్నలున్న చోట మధ్యగతం పెట్టండి. పాండాస్‌లో ఒక్క వరుస కోడు. దానికి వారు పెట్టిన పేరు దత్తాంశ శుద్ధి. (మనవాళ్ళు మైల పడితే పసుపునీళ్ళు చల్లినట్టన్నమాట.) నేను చెయ్యెత్తి, సగం మందికి ఇన్సులిను ఎందుకు కొలవలేదండీ అని అడిగాను. రక్తం ఇవ్వనన్నారా, వచ్చి మళ్ళీ రాలేదా, యంత్రం పాడయిందా, అవసరం లేదని వైద్యుడే అనుకున్నాడా? ఒక్కో కారణానికి ఒక్కో పర్యవసానం ఉంటుంది. అవసరం లేదనుకొని మానేస్తే ఆ సున్న 'ఆరోగ్యవంతురాలు' అని చెబుతుంది. భయపడి రాకపోతే మరొకటి చెబుతుంది. మధ్యగతం రెండిటినీ ఒకే గాటన కడుతుంది. వచ్చిన జవాబు: అది మన పరిధిలో లేదు, తరువాతి అంశానికి వెళదాం.

ఆ స్త్రీలెవరో కూడా రెండేళ్ళలో ఎవరూ చెప్పలేదు. నేనే వెతుక్కొని చదివాను. అరిజోనా ఎడారిలో హీలా నది ఒడ్డున కాలవలు తవ్వుకొని సేద్యం చేసుకున్న జాతి. తమను తాము ఏటి మనుషులమని చెప్పుకుంటారు. పంతొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో ఎగువన వచ్చి స్థిరపడ్డవారు నీళ్ళు మళ్ళించుకున్నారు. ఏరు ఎండింది, పొలాలు ఎండాయి, కరువు వచ్చింది. ఆ తరువాత వారి తిండే మారిపోయింది. 1965 నుంచి అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధకులు వారిలో మధుమేహాన్ని దశాబ్దాలపాటు అధ్యయనం చేశారు. ఆ పరిశోధనలో నుంచి వచ్చిన తునక ఈ పట్టిక. కృష్ణా డెల్టాలో చివరి భూములకు నీరందక ఏం జరుగుతుందో చూసిన నాకు, ఎనిమిది గడుల్లో ఎక్కడా లేని తొమ్మిదో గడి కనబడింది: నీళ్ళు. ఆ గడి లేకుండా నూటికి డెబ్భై ఎనిమిది పాళ్ళు సరిగా ఊహించామని మేము చప్పట్లు కొట్టుకున్నాం.

బాస్టన్ ఇళ్ళ ధరల పట్టిక సంగతీ ఇలాంటిదే. 506 వరుసలు, 1978 నాటి పరిశోధనలోది. ఆ పేటలో నల్లజాతివారెంతమంది అన్న నిష్పత్తి నుంచి వండిన గడి ఒకటి అందులో ఉంది. సైకిట్-లెర్న్ నిర్వాహకులు సిగ్గుపడి 2022లో దాన్ని తమ సంచిలోంచి తీసేశారు. మాకు పంచిన పాఠపు ఫైలులో మాత్రం పదిలంగా ఉంది.

అయితే నాకు మరీ నవ్వు తెప్పించినది ఐరిస్ పువ్వుల పట్టిక. మూడు జాతులు, జాతికి 50 పూలు, మొత్తం 150. పిల్లలకు అఆలు దిద్దించినట్టు ఈ విద్యలో అందరికీ మొదట దీన్నే దిద్దిస్తారు. 1936లో ఫిషర్ దొర తన వ్యాసంలో వాడాడు కనక ఫిషర్ పట్టిక అనే అంటారు. పూలు కోసినవాడు ఫిషర్ కాదు. ఎడ్గార్ ఆండర్సన్ అనే వృక్షశాస్త్రవేత్త. కెనడాలోని గాస్పే ద్వీపకల్పంలో, రెండు జాతుల పూలనూ ఒకే పచ్చికబీడులో, ఒకే రోజున, ఒకే మనిషి ఒకే పనిముట్టుతో కొలిచేటట్టు ఏర్పాటు చేసుకున్నాడు. ఎందుకు? వేరువేరు చోట్ల, వేరువేరు రోజుల్లో, వేరువేరు చేతులు కొలిస్తే, కనబడే తేడా పువ్వుదో కొలిచినవాడిదో తెలియదు కనక. పట్టికలోని అసలు విద్య అదీ! మేము బొమ్మగా భావించి అరగంటలో ముగించిన ఆ అభ్యాసం వెనక, మా రెండేళ్ళ చదువులో ఎక్కడా లేనంత క్షేత్రజ్ఞానం ఉంది.

ఇదంతా నాకు ఎందుకు ఇంతగా తగిలిందో చెప్పాలంటే మా నాన్నగారి సంగతి చెప్పాలి. ఆయన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు. ఉపాధ్యాయులన్నాక జనగణన పని నెత్తిన పడక తప్పదు. 1991 ఫిబ్రవరిలో మా ఊళ్ళో ఆయన ఇల్లిల్లూ తిరుగుతుంటే, కాగితాల సంచి మోయడానికి నేను వెంట వెళ్ళాను. దివిసీమ పక్క ఊరు మాది.

"నీ వయసెంతమ్మా?"

"నలభయ్యో నలభై అయిదో వేసుకోండి మేష్టారూ."

"వేసుకోవడానికి నా వయసు కాదుగదమ్మా. ఉప్పెన నాటికి నీ పెద్దపిల్ల ఎంతది?"

"చంకలో ఉందండీ. దాన్నేసుకునే గదా బడి మేడ ఎక్కింది."

"పెళ్ళయిన ఎన్నాళ్ళకు పుట్టింది? పెళ్ళినాటికి నీకెన్నేళ్ళు?"

ఉప్పెన 1977 నవంబరులో. అక్కడినుంచి ముందుకూ వెనక్కూ లెక్కకట్టగా, నలభై అన్న మనిషి ముప్పైమూడు దగ్గర తేలింది. ముసలివాళ్ళ దగ్గరికి వెళితే గుర్తులు మారేవి: ఆంధ్రరాష్ట్రం వచ్చిన ఏడు, బెజవాడలో బ్యారేజి పూర్తయిన ఏడు, ఫలానా పుష్కరాలు. అలా అడగని చోట వయసులన్నీ సున్నకూ అయిదుకూ వెళ్ళి గుంపుకడతాయి. ఈ గుంపును కొలవడానికి జనాభాశాస్త్రంలో విప్పుల్ సూచిక అని ఒకటుంది: 23 నుంచి 62 ఏళ్ళ లోపువారిలో సున్నతోనో అయిదుతోనో ముగిసే వయసులవారు ఎందరో లెక్కించి, మొత్తంలో అయిదోవంతుతో పోలుస్తారు. గుంపు లేకపోతే వంద, అందరూ గుండ్రటి అంకెలే చెబితే అయిదువందలు. అంకెను చూసి అడిగినవాడి ఓపికను కొలవడమన్నమాట! ఇంత ముచ్చటైన పరికరం రెండేళ్ళలో మా చెవిన పడలేదు. మాకు వయసంటే 'సంఖ్యాత్మక గడి', అంతే.

మరో ఇంట్లో, పని అన్న గడి దగ్గర, భార్య గురించి భర్త జవాబు: "అది ఏం పనీ చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది." నాన్నగారు కలం ఎత్తి పట్టుకొని, "ఆ గేదెలకు పాలు పితికేదెవరయ్యా?" "అదేనండీ." "గడ్డి కోసుకొచ్చేది?" "అదే." "నాట్లప్పుడు మీ చేలోకి దిగేది?" "అదేనండీ, మరి కూలి ఇచ్చుకోలేం గదా." ఆ ఏడు జనగణన పత్రంలో, సొంత పొలంలోనో ఇంటి వ్యాపారంలోనో కూలి లేకుండా చేసినదీ పనే అని ప్రశ్నలోనే కొత్తగా చేర్చారు. ఆ మాట చదివి, రెండోసారి అడిగినవాడి పుస్తకంలో ఆమె శ్రామికురాలు. చదవకుండా, అరుగు మీద కూర్చొని మంచినీళ్ళు తాగి మొదటి జవాబు రాసుకొన్నవాడి పుస్తకంలో ఆమె ఏమీ చేయనిది. రెండు పుస్తకాలూ ఒకే కట్టలో కట్టి పైకి పంపుతారు. ముప్పై ఏళ్ళ తరువాత ఎవరో పిల్లవాడు ఆ గడిని దించుకొని, ఈ ఊరి స్త్రీలు ఆ ఊరి స్త్రీలకంటె బద్ధకస్తులని నమూనా కట్టి చూపిస్తాడు. కడతాడు, మార్కులూ పడతాయి.

ఇదేదో నేను కొత్తగా కనిపెట్టిన నీతి కాదని చెప్పడానికే కాస్త వెనక్కి వెళుతున్నాను. ఈ శాస్త్రంలో మన దేశం ఎవరికీ తీసిపోలేదు. మహలనోబిస్ దూరం అన్నది మా పుస్తకంలో ఒక సూత్రం, కంప్యూటరులో ఒక్క మాట. ఆ మహలనోబిస్ 1931లో కలకత్తాలో భారతీయ సాంఖ్యక సంస్థను స్థాపించి, 1937 నుంచి బెంగాలులో జనపనార పంట ఎంత విస్తీర్ణంలో ఉందో తేల్చడానికి మచ్చు సర్వేలు నడిపించినవాడు. పొలానికి వెళ్ళి లెక్క తెచ్చేవాడు తప్పు చేస్తాడని ఆయనకు తెలుసు. తప్పు చేయవద్దని ఉపన్యాసం ఇస్తే తప్పులు తగ్గవనీ తెలుసు. అందుకని ఒకే ప్రాంతానికి రెండు బృందాలను, ఒకరి లెక్క ఒకరికి తెలియకుండా, విడివిడిగా పంపేవాడు. రెండు లెక్కలకూ తేడా ఎంతుందో చూస్తే, పొలం ఎంతో తెలియడంతోపాటు మనిషి తప్పు ఎంతో కూడా తెలుస్తుంది. మనిషి తప్పును దాచకుండా, దానికీ ఒక అంకె కట్టిన ఆలోచన అది. 1943 బెంగాలు కరువు తరువాత ఊళ్ళకు ఊళ్ళు తిరిగి, ఎవరు ఏం అమ్ముకున్నారో, ఎవరు దిక్కులేనివారయ్యారో లెక్క తెచ్చినదీ ఆ సంస్థే.

ఇక మన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళి, 1941లో ఆ సంస్థలో చేరారు. 1945లో, ఇరవై అయిదేళ్ళైనా నిండకుండా రాసిన వ్యాసంలోని హద్దు నేటికీ క్రామర్-రావు పేరుతో ప్రపంచమంతటా చదువుతున్నారు. మా పాఠంలో దానికి దక్కినది ఒక్క పలక. గురువుగారు అది త్వరగా దాటించారు. సరే. ఎవరూ చెప్పని విషయం ఏమిటంటే, అంతటి గణితజ్ఞుడు 1946 నుంచి రెండేళ్ళు కేంబ్రిడ్జిలో చేసినది, సుడానులోని జెబెల్ మోయాలో తవ్వితీసిన పురాతన అస్థిపంజరాల కొలతల మీద పని. విరిగిన పుర్రెను ఎలా కొలవాలి, కొలవలేకపోతే ఏం చెయ్యాలి అన్నది ఆయనకు సిద్ధాంతం కంటె చిన్న సమస్యగా కనబడలేదు. అంకెలు చేతికి రాగానే సాక్షిని బోనులో నిలబెట్టి అడ్డుప్రశ్నలు వేసినట్టు వెయ్యాలన్నది ఆ తరం వారి పద్ధతి. 2023 ఆగస్టులో, నూటరెండేళ్ళు నిండి నూటమూడో ఏడు నడుస్తుండగా, ఆయన పోయారు. మా తరగతిలో ఆ వార్త చదివి వినిపించి ఒక నిమిషం మౌనం పాటించాం. మర్నాడు మళ్ళీ పిమా పట్టికలో మధ్యగతాలు నింపుకున్నాం.

"ఇదంతా చాదస్తం, పుట్టుపూర్వోత్తరాలు తెలియకపోతే కొంప మునిగిందా" అనేవారికి తెలంగాణలో రేషను కార్డుల సంగతి గుర్తుచేస్తాను. సమగ్ర వేదిక అని రాష్ట్రప్రభుత్వం ఒక ఏర్పాటు చేసింది. అనేక శాఖల పట్టికలను, అంటే వాహనాల రిజిస్ట్రేషన్లు, ఆస్తులు, కరెంటు కనెక్షన్లు వగైరాలను, పేర్లూ చిరునామాలూ పోల్చి ఒక మనిషి చుట్టూ అల్లే యంత్రం. ఇది మేము మూడో సెమిస్టరులో నేర్చుకున్న విద్యే. 2024 జనవరిలో అల్ జజీరా ప్రచురించిన పరిశోధనాత్మక కథనంలో ఒక కుటుంబం ఉంది: హైదరాబాదులో రిక్షా తొక్కే మనిషిని, దాదాపు అదే పేరున్న ఎవరో కారు యజమానితో యంత్రం కలిపేసింది. కారున్నవాడికి రేషను ఎందుకని కార్డు పోయింది. అతను చనిపోయాక భార్య ఆ కార్డు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది. అంతకు ముందే, 2022 ఏప్రిల్‌లో, రాష్ట్రంలో రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో పరిశీలించవలసిందిగా సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ రద్దులన్నిటికీ యంత్రమే కారణమని నేననను. నకిలీ కార్డులు లేవనీ అనను. కాని కోర్టు చెప్పిన మందు చూడండి: ఇంటికి వెళ్ళి చూడండి. మా నాన్నగారు సంచి తగిలించుకొని చేసిన పని!

మన పేర్ల తీరు తెలిసిన ఎవరికైనా ఈ ప్రమాదం ముందే కనబడాలి. పేర్లను పోల్చే పద్ధతులు మనకు నేర్పారు: రెండు పేర్ల మధ్య ఎన్ని అక్షరాలు మార్చాలో లెక్కించే లెవెన్‌ష్టైన్ దూరం వంటివి. మనకు ఇంటిపేరు ముందు. కొన్నిచోట్ల దాని మొదటి అక్షరమే. మరికొన్నిచోట్ల వెనక. పెళ్ళయితే ఆడవారి ఇంటిపేరు మారుతుంది, కొన్ని కాగితాల్లో మారదు. లక్ష్మిని ఇంగ్లీషులో ఒకరు ఏడక్షరాలతో రాస్తారు, ఒకరు అయిదుతో. ఒకే ఇంటి ఇద్దరు కోడళ్ళూ లక్ష్ములే కావచ్చు. వెంకటేశ్వర్లుకు బియ్యం కార్డులో ఒక రూపం, బ్యాంకులో ఒకటి, పొలం పాసుపుస్తకంలో ఒకటి. సయ్యద్‌లూ షేక్‌లూ మహమ్మద్‌లూ ఉన్న వీధిలో అక్షరాల దూరం కొలిస్తే వీధి వీధంతా ఒకే మనిషి! మా తరగతిలో ఒక బృందం ఇలాంటి నమూనాయే కట్టి నూటికి 99 పాళ్ళు ఖచ్చితమని చూపి మొదటి బహుమతి అందుకుంది. కోటి కార్డుల మీద ఆ నమూనాను నడిపితే లక్ష ఇళ్ళలో తప్పు. ఆ లక్షమంది ఎవరు, వారు తమ కార్డు ఎందుకు పోయిందో ఎవరినడగాలి, ఎన్నిసార్లు కూలి మానుకొని రావాలి అన్న ప్రశ్న పరీక్షలో రాలేదు. తప్పు కుడివైపు జరిగితే ప్రభుత్వానికి కొన్ని కిలోల బియ్యం నష్టం, ఎడమవైపు జరిగితే ఒక ఇంట్లో పొయ్యి వెలగదు. మా మార్కుల పట్టికలో ఆ రెండు తప్పులకూ ఒకటే విలువ.

నా వాదానికి అడ్డు వచ్చినవారిలో గట్టివాడు నా సహాధ్యాయి ఒకడు. ఇరవైమూడేళ్ళవాడు, ఇంజనీరింగు అప్పు ఇంకా తీరనివాడు. (నన్ను అంకుల్ అంటాడు, తరగతిలో వద్దన్నా మానలేదు.) "అంకుల్, మీకు ఉద్యోగం ఉంది కాబట్టి మీరు సత్యం కోసం చదువుతున్నారు. నాకు ఇంటర్వ్యూలో విప్పుల్ సూచిక ఎవడూ అడగడు" అన్నాడు. ఈ మాటకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. అప్పుచేసి చదివే పిల్లవాడికి నెల తిరిగేసరికి జీతం తెచ్చిపెట్టే విద్య కావాలి. ఆ కోరికను హేళన చేసే హక్కు నాకు లేదు. కాని వాడు నేర్చుకున్న విద్య సంగతి చూడండి. పట్టిక ఇస్తే పది నమూనాలు కట్టి, పోల్చి, బొమ్మలు గీసి, నివేదిక రాసే పని ఇవాళ భాషా యంత్రాలు నిమిషాల్లో చేసి పెడుతున్నాయి. మా నాలుగో సెమిస్టరులో సగంమంది కోడు వాటిచేతే రాయించారు, గురువులకూ తెలుసు. యంత్రం వెళ్ళలేనిది ఆ ఇంటి అరుగు దగ్గరికే. అక్కడికి వెళ్ళడం నేర్పని పట్టా వాడికి ఎన్నేళ్ళు అన్నం పెడుతుందో, నేనడిగాను, వాడూ చెప్పలేకపోయాడు.

గురువుల వాదం వేరు. క్షేత్రపని సామాజికశాస్త్రం వారిది, మనది గణనం. పని విభజన ఉండాలి అంటారు. విభజన ఉండవచ్చు. వంటవాడు వరి నాటక్కరలేదు. కాని బియ్యంలో రాళ్ళున్నాయో పురుగుందో చూడటం రాకపోతే వాణ్ణి వంటవాడని ఎవరూ అనరు గదా.

ఇంతా రాసి నా సంగతి దాచడం బాగుండదు. చివరి ప్రాజెక్టుకు నేను టమాటా ధరలు తీసుకున్నాను. మా ఇంటికి దగ్గరున్న రైతుబజారుకు ఆరు ఆదివారాలు, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి వెళ్ళి, నాలుగు దుకాణాల్లో ధర రాసుకున్నాను. మొత్తం 48 అంకెలు. పొద్దున బోర్డు మీద రాసిన ధరకూ, చీకటి పడేవేళ అమ్మే ధరకూ పొంతన లేదు. గట్టికాయకు ఒకటి, పగిలినదానికి ఒకటి. తెలిసిన మనిషికి ఒకటి. వాన వచ్చిన ఆదివారం అయిదింటికల్లా అయినకాడికి కుప్పలు పోసి అమ్మారు. 'ఈ రోజు టమాటా ధర' అన్న అంకె ఒకటి ఉంటుందన్న నా నమ్మకమే రెండో వారానికి పోయింది. మూడో ఆదివారం నాడు ఒక అమ్మ, "రోజూ రాసుకుంటావు, కొనవేంది సారూ?" అని నిలదీస్తే సిగ్గుపడి రెండు కిలోలు కొన్నాను. అప్పటినుంచి ఆమె నాకు చెప్పే ధర తగ్గింది. అంటే కొలిచేవాణ్ణి నేనే కొలతను చెడగొట్టాను. రెండేళ్ళ చదువులో ఇంతకంటే గొప్ప పాఠం నేను నేర్చుకోలేదు. దానికి రుసుము రెండు కిలోల టమాటాలు.

సమీక్షా సంఘం నా 48 అంకెలు చూసి నవ్వలేదు, మర్యాదస్తులే. వరుసలు చాలవు, కనీసం పదివేలుండాలి, అంతర్జాలంలో మార్కెట్ల ధరల పట్టికలు దొరుకుతాయి, దించుకొని చెయ్యండి అన్నారు. గడువు అయిదు వారాలు. పోరాడవలసింది. పోరాడలేదు. పట్టా పోతుందన్న భయం నలభై ఎనిమిదేళ్ళవాడికీ ఉంటుందని ఆ రోజు తెలిసింది. ఎవరో ఎక్కడో ఎలాగో సేకరించిన పట్టిక దించుకొని, ఖాళీలున్న చోట నేనే స్వహస్తాలతో మధ్యగతాలు నింపి, మూడు నమూనాలు కట్టి, రంగురంగుల బొమ్మలతో సమర్పించాను. మంచి శ్రేణి వచ్చింది. ఆ నివేదికలో ధర ఎలా రాస్తారో, ఎవరు రాస్తారో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు.

పోయిన నెలలో విభాగాధిపతికి ఉత్తరం రాశాను. మొదటి సెమిస్టరులో, పైథాన్‌కు ముందే, ప్రతి విద్యార్థీ స్వయంగా కనీసం వంద అంకెలు సేకరించి తేవాలి. ఒకే చోటికి ఇద్దరిని విడివిడిగా పంపి తేడా లెక్కకట్టించాలి. ఏ పట్టిక పాఠంలో వాడినా అది ఎవరు, ఎప్పుడు, ఎందుకు, ఎవరి దగ్గర నుంచి సేకరించారో ఒక పుట చదివించి మరీ వాడాలి. కొలవని గడి ఎందుకు కొలవలేదో రాయనిదే అందులో ఏ అంకే నింపనివ్వకూడదు. ఖర్చులేని పనులే అడిగాను. మీ సూచనలను తదుపరి పాఠ్యప్రణాళికా సంఘ సమావేశంలో పరిశీలిస్తామని జవాబు వచ్చింది. దానికింద, చదువు మీద నా సంతృప్తిని ఒకటి నుంచి అయిదు వరకు ఒక అంకెలో తెలపమని ఒక పత్రం జతపరిచారు. ఆ గడిని నేను ఖాళీగా వదిలేశాను. వారు అందులో మధ్యగతం నింపుకొని ఉంటారు.